పేరు తర్వాత మిగిలేది

చాంద్రాయణగుట్ట చౌరస్తాలో ఫ్లైఓవర్ కింద బస్సు దిగి, పంక్చర్ దుకాణం పక్క గల్లీలోకి మళ్ళితే, మూడో మలుపులో ఒక ట్రస్టువాళ్ళు నడిపే డయాలసిస్ సెంటర్ ఉంది. బోర్డు ఉంది గానీ బోర్డు చూసి ఎవరూ రారు. ఒకసారి రావడం మొదలుపెడితే వారానికి మూడుసార్లు రావాల్సిందే కాబట్టి దారి కాళ్ళకే తెలిసిపోతుంది. ఆరు మంచాలు, ఆరు మిషన్లు. తలుపు తీయగానే మిషన్లు కడిగే మందు వాసన పుల్లగా, ఘాటుగా ముక్కుకి కొడుతుంది. నాలుగు రోజులకి ఆ వాసన బట్టలకి పడుతుంది. నాలుగు నెలలకి తెలియడం మానేస్తుంది.

రఘురామ్‌కి అది తెలియడం మానేసి రెండేళ్ళయింది. ఊరు రేపల్లె. ఉద్యోగం నయాపూల్ దగ్గర ఒక సర్కారు ఆఫీసులో. భార్య అలేఖ్యకి ముప్పై నాలుగేళ్ళకే కిడ్నీలు రెండూ చేతులెత్తేశాయి. సోమ, బుధ, శుక్రవారాల్లో పదకొండు గంటల పూట, మూడో నంబరు మంచం ఆమెది. మొదట్లో ఏడ్చాడు. దేవుళ్ళని పేరుపేరునా తిట్టాడు. తర్వాత తిట్టే ఓపిక కూడా అయిపోయింది. ఇప్పుడు బండి మీద తీసుకొస్తాడు, నాలుగు గంటలు బెంచీ మీద కూర్చుంటాడు, తీసుకెళ్తాడు. "ఎలా ఉందండీ మీ మిసెస్‌కి?" అని ఎవరైనా అడిగితే "బానే ఉంది" అంటాడు. అన్నాక తనేమన్నాడో తనకే గుర్తుండదు.

అక్కడ పేర్లు పిలిచేది అజ్మత్ అలీ. అరవై దాటిన మనిషి. ఒకప్పుడు ఆయన పిలిస్తే గల్లీ చివర చాయ్ తాగేవాళ్ళు కూడా గ్లాసు పెట్టేసి వచ్చేవారట. గొంతులో గడ్డకి ఆపరేషన్ అయ్యాక గుసగుస తప్ప పైకి రాదు. ఆయన "ఖైసర్ బేగం" అని గుసగుసలాడితే పక్కవాళ్ళకి వినపడేది గానీ, ఖైసర్ బేగానికి వినపడేది కాదు. ఎవరి మంచం ఎవరిదని రోజూ లొల్లి. ఆ లొల్లి చూడలేక రఘురామ్ పేర్లు చూపించే ఒక కంప్యూటర్ తెర పెట్టించాడు. ఆఫీసులో నేర్చుకున్న కాస్త పైథాన్ ప్రోగ్రామింగ్ వచ్చు. స్టోర్ రూములో ఒక ముసలి కంప్యూటర్ దొరికింది. బొమ్మలూ రంగులూ మోసే శక్తి దానికి లేదు. నల్లటి తెర, ఆకుపచ్చ అక్షరాలు, ఆరు మంచాలకి ఆరు వరుసలు. అంతే.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. అలాంటి తెరకి మనం పంపే అక్షరాలన్నీ కనిపించేవి కావు. ఎస్కేప్ అనే గుర్తుతో మొదలయ్యేవి కొన్ని ఉంటాయి. తెర వాటిని చూపించదు, వాటి మాట వింటుంది. మూడో వరుసకి వెళ్ళమంటే వెళ్తుంది. చెరపమంటే చెరుపుతుంది. రఘురామ్ తన ప్రోగ్రాములో ఫలానా వరుసకి వెళ్ళు, ఈ పేరు రాయి అని రాశాడు. రాసేముందు పాత పేరు చెరుపు అనే ముక్క మాత్రం మర్చిపోయాడు.

మొదటిరోజే బయటపడింది. పొద్దుటి పూట మూడో మంచం ఖైసర్ బేగానిది. ఆమె లేచి వచ్చాక అదే వరుసలో అలేఖ్య పేరు పడింది. కొత్త పేరు పొట్టిది, పాత పేరు పొడుగుది. పాతదాని తోక అలాగే మిగిలిపోయి తెర మీద ALEKHYABEGUM అని వెలిగింది.

చేతికి పట్టీ వేయించుకుని చాయ్ తాగుతున్న ఖైసర్ బేగం అది చదివి పడీపడీ నవ్వింది. యాభై ఏళ్ళావిడ, భారీ మనిషి.

"అరె, నా బేగం ఈడనే మర్చిపోయిన్నా ఏంది! ఉండనీయ్ చెల్లె, నువ్వే వాడుకో. మస్తుగుంది."

"అయితే ఇవాళ్టి నుంచి నన్ను బేగం గారూ అని పిలవండి," అంది అలేఖ్య మొగుడితో.

హాలంతా నవ్వారు. రఘురామ్ సిగ్గుపడి, "చిన్న తప్పండీ, ఒక్క ముక్క చేరిస్తే పోతుంది," అని కీబోర్డు లాక్కున్నాడు. అజ్మత్ అలీ అతని చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఉండనీయ్ భాయ్," అన్నాడు గుసగుసగా. "ఈడ నవ్వుడు ఎప్పుడన్న ఇన్నవా?"

తప్పు అలా ఉండిపోయింది. పేర్ల తోకలు మీద పడి రోజుకో కొత్త మనిషి పుట్టేవాడు. అలేఖ్య, ఖైసర్ బేగం నిజంగానే అక్కచెల్లెళ్ళయ్యారు. లోపల ఎంత నీరు తీశారో, ఎవరి కాళ్ళు ఎంత వాచాయో, ఎవరు దొంగతనంగా మామిడిపండు తిన్నారో చెప్పుకునేవాళ్ళు. అలా రెండు నెలలు బాగానే గడిచాయి.

ఐదో మంచం ప్రేమ్‌రాజ్‌ది. బస్సు డ్రైవరుగా రిటైరైన మనిషి, నోరు ఊరుకోదు. ఒక శుక్రవారం అతని పేరు తర్వాత దూరంగా, విడిగా, ఒక M పడింది. తోకే అనుకున్నారు. సోమవారానికి అది OM అయింది.

ప్రేమ్‌రాజ్ తెరకి దండం పెట్టాడు. "చూసినవా అన్నా! నా పేరు పక్కన ఓం పడ్డది. దేవుడు నా ఫైలు చూస్తుండు!" ఫోటో తీసి స్టేటస్ కూడా పెట్టుకున్నాడు.

రఘురామ్ మాత్రం లేచి తెర దగ్గరికెళ్ళి గళ్ళు లెక్కపెట్టాడు. ఆ తెరలో ఒక్కో అక్షరానికి ఒక్కో గడి. సెంటర్లో అన్నిటికంటే పొడుగు పేరు ఖైసర్ బేగానిది, ఖాళీతో కలిపి పన్నెండు గళ్ళు. ఆ M ఉన్నది పదిహేనో గడిలో. అక్కడ ఎవరూ ఎప్పుడూ ఏమీ రాయలేదు. రాయని చోట మిగలడమేంటి? పాత మిషన్ కదా, చూద్దాంలే అనుకుని వచ్చి కూర్చున్నాడు. ఆ రోజుల్లో అతను అన్నిటికీ చూద్దాంలే అనే అనుకునేవాడు.

బుధవారం OOM. శుక్రవారం HOOM. వచ్చిన ప్రతిసారీ ముందు ఒక అక్షరం చేరుతోంది. పేరుకీ దానికీ మధ్య ఖాళీ తగ్గుతోంది. "హోమ్ అట. ఇగ ఇంటికి పంపుతడేమో నన్ను," అన్నాడు ప్రేమ్‌రాజ్. ఎవరూ నవ్వలేదు. అజ్మత్ అలీ ఆ రోజు నుంచి తెర వైపు వీపు పెట్టి కూర్చోవడం మొదలుపెట్టాడు.

ఏడోసారి, ఒక శుక్రవారం, ఖాళీ పూర్తిగా నిండింది. PREMRAJ MARHOOM అని ఉంది. రెండో గంటలో ఐదో మంచం దగ్గర మిషన్ కూత పెట్టింది. నర్సు ఆఫ్షీన్ పరుగెత్తింది. కూత ఆగింది. మళ్ళీ పెట్టింది. ఆ తర్వాత ఎవరో మిషన్ ఆపేశారు. నెత్తురు గొట్టాలు అలాగే ఉన్నాయి, తిరగడం ఆగిపోయింది... ఎవరూ గట్టిగా ఏడవలేదు. అక్కడ ఎవరూ గట్టిగా ఏడవరు, మిగతా ఐదుగురికీ సూదులుంటాయి కదా.

అందరూ వెళ్ళాక రఘురామ్ అజ్మత్ అలీ బల్ల దగ్గరికొచ్చాడు. "చాచా, ఆ మాటేంటి? మర్హూమ్ అంటే ఎవరు?"

అజ్మత్ అలీ తెర వైపు తిరగకుండానే చెప్పాడు.

"ఎవరు గాదు భాయ్. మా ఉర్దూల, పోయినోళ్ళ పేరు తర్వాత గిట్ల రాస్తరు."

"ఆడవాళ్ళకైతే?"

"ఆడోళ్ళకు మర్హూమా. చివర్ల ఒక ఆ వస్తది."

రఘురామ్ అప్పటికప్పుడే కూర్చుని, రెండు నెలలుగా వదిలేసిన ఆ చెరిపే ముక్కని ప్రోగ్రాములో చేర్చాడు. తోకలన్నీ పోయాయి. సోమవారం అలేఖ్య తెర చూసి మొహం ముడుచుకుంది. "నా బేగం ఏదండీ? ఎందుకు తీసేశారు? ఉన్న కాస్త సరదా కూడా మీకు పడదు." ఆమె లోపలికి వెళ్ళి పడుకుంది. ఆఫ్షీన్ సూదులు పెట్టింది. బయట బెంచీ మీద కూర్చున్న రఘురామ్ తలెత్తి చూశాడు.

మూడో వరుస. ALEKHYA. తర్వాత చీకటి. చీకట్లో, పదహారో గడిలో, ఒక A.

రెండేళ్ళుగా మొద్దుబారిన మనిషికి వేళ్ళు చల్లబడ్డాయి. ఏడుపొస్తుందేమో అని ఒక క్షణం ఆగాడు. రాలేదు. అలేఖ్య లేకపోతే తను ఎలా బతకాలో అతనికి తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు. అది ఒక్కటే స్పష్టంగా తెలిసింది. వెళ్ళి కీబోర్డు ముందు కూర్చున్నాడు. మూడో వరుస చెరుపు అని పంపాడు. పేరు పోయింది, A ఉంది. తెర మొత్తం చెరుపు అని పంపాడు. ఆరు పేర్లూ పోయాయి, A ఉంది. ప్రోగ్రామే ఆపేశాడు... తెరంతా నల్లగా, ఖాళీగా... A ఒక్కటే వెలుగుతూ ఉంది.

బుధవారం MA అయ్యాక మానిటర్ తీగ పీకేశాడు. శుక్రవారం ఆ పూటంతా అజ్మత్ అలీ చెవుల దగ్గరికెళ్ళి పేర్లు చెప్పాడు. సాయంత్రం తీగ పెట్టి చూస్తే OMA ఉంది. తెర ఆపితే లెక్క ఆగలేదు.

అలేఖ్యకి చెప్పలేదు. ఏమని చెప్తాడు? ఎనిమిది అక్షరాలు, మూడు అయిపోయాయి.

ఆ వచ్చే సోమవారం పొద్దున ఆరింటికే ఒక్కడూ వచ్చి చూశాడు. మూడో వరుసలో KAISAR BEGUM అని ఉంది. తర్వాత ఏమీ లేదు. గడి గడీ లెక్కపెట్టాడు. ఏమీ లేదు. పదకొండింటికి అదే వరుసలో అలేఖ్య పేరు పడగానే, OOMA.

"ఉమా ఎవరు చాచా? కొత్త పేషెంటా?" అని అడిగింది ఆఫ్షీన్, లోపల్నుంచి తొంగిచూసి.

ఖైసర్ బేగం అప్పటికింకా వెళ్ళలేదు. బెంచీ మీద కూర్చుని చాయ్ ఊదుకుంటోంది. రఘురామ్ ఆమెనే చూస్తున్నాడు. అది పట్టుకున్నది మనిషిని కాక పదకొండు గంటల పూటనైతే? ఆ ఆలోచన ఎప్పుడు పుట్టిందో తెలియదు. నోరు తెరిచేసరికి తయారుగా ఉంది.

"ఖైసర్ ఆపా, నాకు ఆఫీసులో డ్యూటీ మారింది. మీరు పదకొండు పూట తీసుకుంటే... మేము పొద్దున వస్తాం."

"గంతేనా?" అంది ఖైసర్ బేగం. "ఈ ముచ్చటకు మొహం గిట్ల పెట్టినవేంది? నాకేం ఫికర్? పొద్దుగాల లేసుడు తప్పుతది. నీ పెండ్లాం నా చెల్లె గాదా?"

ఆమె వెళ్ళిపోయాక రఘురామ్ బల్ల దగ్గరికెళ్ళాడు. మంచాల పట్టీ మార్చేది అజ్మత్ అలీ. ఆయన అంతా విన్నాడు. కీబోర్డుని మెల్లగా ఇటువైపు తోశాడు.

"నువ్వేం చేస్తున్నవో నీకు ఎరుకే," అన్నాడు. "నా చేతితోని గాదు భాయ్. నువ్వే రాసుకో."

"ఆమెకి చెప్తారా చాచా?"

"ఏమని చెప్పాలె? చెప్తే నమ్ముతదా?" అని రఘురామ్ వైపు తిరిగాడు. "నువ్వు ఆమె జాగల ఉంటే, చెప్పమంటవా?"

రఘురామ్ కీబోర్డు ముందు కూర్చున్నాడు. రాసుకున్నాడు. రెండు పేర్లే, అటుదిటు ఇటుదటు. అర నిమిషం కూడా పట్టలేదు.

బుధవారం పొద్దున మూడో వరుసలో అలేఖ్య పేరు తర్వాత ఏమీ లేదు. మొత్తం చీకటి. అతనికి ఊపిరి తేలిగ్గా ఆడింది. ఆమె లేచి వచ్చాక బెంచీ మీద కూర్చోబెట్టి, ఇడ్లీ పొట్లం విప్పి చేతికిచ్చి, తెర చూస్తూ నిలబడ్డాడు. ఖైసర్ బేగం లోపలికెళ్ళింది. పేరు పడింది. ఆ పేరు పొడుగు కాబట్టి, ఆ అక్షరాల ముక్క సరిగ్గా ఐదు గళ్ళు కుడివైపుకి జరిగింది. పేరుకి చోటిచ్చింది. HOOMA.

ఆ రాత్రి రఘురామ్ రెండేళ్ళ తర్వాత ఒళ్ళెరగకుండా నిద్రపోయాడు.

శుక్రవారం ఇంకో అక్షరం. సోమవారం ఖైసర్ బేగం చార్మినార్ దగ్గర కొన్న గాజులు తెచ్చింది. "సూదుల చేతికి వద్దు, ఈ చేతికి ఏస్కో," అని అలేఖ్య కుడిచేతికి తనే ఎక్కించింది. మెరుపు అద్దిన ఎర్రగాజులు. "చూడండీ, ఎలా ఉన్నాయి?" అంది అలేఖ్య. బాగున్నాయి అన్నాడు. ఖైసర్ బేగం తన వైపు తిరిగి నవ్వినప్పుడు గోడ మీద క్యాలెండర్ చూశాడు. చెప్పేయొచ్చు. ఇంకా రెండురోజులుంది. పట్టీ మళ్ళీ మార్చేయొచ్చు. అర నిమిషం పని. మార్చలేదు. ఇది అతనే తర్వాత ఒప్పుకోవలసిన మాట, ఎవరి దగ్గర ఒప్పుకోవాలో తెలియక తనలోనే ఉంచుకున్నాడు.

బుధవారం ఫోన్ వచ్చింది. మూడో గంటలో అయిందట. ఆఫ్షీన్ ఏడుస్తూ చెప్పింది.

అలేఖ్య ఆ రాత్రంతా ఏడ్చింది. "నాకు పూట ఇచ్చి పోయిందండీ. పొద్దుటి పూటలోనే ఉంటే ఏమయ్యేదో. మీకేం ఏడుపు రావట్లేదా?"

"రావట్లేదు," అన్నాడు. అది నిజమే. ఏడుపు రాలేదు, భయం రాలేదు, సిగ్గు కూడా రాలేదు. ఏదో ఒకటి వస్తే బాగుండునని తెల్లారేదాకా ఎదురుచూశాడు.

శుక్రవారం పొద్దున వాన. ఆరయినా గల్లీలో వెలుతురు లేదు. కాలవ పొంగి రోడ్డు మీదికొచ్చింది. తడిసిన చెప్పుల వాసన, చాయ్ వాసన, వాటి వెనకాల ఆ పుల్లటి మందు వాసన. రఘురామ్ ఆగాడు. రెండేళ్ళ తర్వాత అతనికి ఆ వాసన తెలిసింది. మొదటిరోజు కొట్టినంత ఘాటుగా కొట్టింది.

అలేఖ్య లోపలికెళ్ళింది. మిషన్ తిరగడం మొదలైంది. అతను తలెత్తాడు.

ఆరు వరుసలు, ఆరు పేర్లు. ఏ పేరు తర్వాతా ఏమీ లేదు. ఒక్కో వరుసా రెండుసార్లు చూశాడు. శుభ్రంగా ఉంది.

ఆరో వరుస కింద ఇంకోటి ఉంది.

అతని ప్రోగ్రాములో ఏడో వరుస లేదు. అక్కడికి వెళ్ళమని ఎవరూ చెప్పలేదు. అయినా అక్కడ ఖాళీ చదరాలు ఉన్నాయి. రెండు చదరాలు, చుక్క... రెండు చదరాలు, చుక్క. వాటి పక్కన కర్సర్ వెలుగుతూ ఆరుతూ ఉంది.

"ఈ డబ్బాలేంది భాయ్?" అజ్మత్ అలీ గుసగుస. "మళ్ళ ఏమన్న ఖరాబైందా?"

ఆ ముసలి మిషన్‌లో తెలుగు అక్షరాలు లేవు. తెలుగు పంపితే, ఒక్కో ముక్కకి ఒక్కో చదరం గీసి ఊరుకుంటుంది. క-కి ఒకటి, గుడిదీర్ఘానికి ఒకటి, చుక్క. శ-కి ఒకటి, ఏత్వానికి ఒకటి, చుక్క. రఘురామ్‌కి అది చదవడానికి అక్షరాలు అక్కర్లేదు. తండ్రి పెద్దకర్మ కార్డు అచ్చుకి ఇచ్చింది తనే. కీ.శే. ఉర్దూలో ఆ మాట పేరు తర్వాత వస్తుంది. మనకి ముందు వస్తుంది.

పేరు కోసం ఆగి ఉంది అది. ఇన్నాళ్ళూ ఎవరినీ అడగలేదు. ఇప్పుడు అతని భాషలో అతన్నే అడుగుతోంది.

ఆ పూట ఆ సెంటర్‌లో, లోపలా బయటా కలిపి, ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు ఇద్దరే ఉన్నారు, తనూ అలేఖ్యా. అద్దంలోంచి చూశాడు. అలేఖ్య కళ్ళు మూసుకుని ఉంది. దుప్పటి కొద్దిగా లేస్తోంది, దిగుతోంది. చూస్తూ ఉన్నాడు. లేస్తోంది, దిగుతోంది...

"ఏం లేదు చాచా," అన్నాడు. "నేను చూస్తా."

కూర్చున్నాడు. ఒక్కో అక్షరం కొట్టాడు. RAGHURAM. చదరాల పక్కన ఆకుపచ్చగా ఒక్కొక్కటే పడ్డాయి. సరిగ్గా ఉందో లేదో ఒకసారి చదువుకుని ఎంటర్ నొక్కాడు.

తెర ఆ పేరు తీసుకుంది. కర్సర్ కింది వరుసకి దిగింది.

అక్కడ మళ్ళీ రెండు చదరాలు, చుక్క, రెండు చదరాలు, చుక్క. పక్కన కర్సర్ వెలుగుతూ ఆరుతూ ఆగింది.

అజ్మత్ అలీ వంగి, అతని చెవి దగ్గర గుసగుసలాడాడు.

"ఇంక ఎవరి పేరు అడుగుతున్నది భాయ్?"